ఆదాయానికి పదిమంది సాక్షులు, ఖర్చుకు ఒక్కరే

పోయిన ఏడాది ఆగస్టులో ఒక ఆదివారం. నల్లకుంటలో మా ఇంటి హాల్లో చాప మీద కూర్చుని, మా పిన్ని కొడుకు ఫోన్‌లో యూపీఐ హిస్టరీని కిందికి కిందికి జరుపుతూ పెట్రోలు బంకుల పేర్లు చదువుతున్నాడు. నేను లాప్‌టాప్‌లో ఎక్కిస్తున్నాను. "మే 3, రెండొందలు. మే 4... ఆగక్కా, ఇది బంకు కాదు, టిఫిన్. మే 5, రెండొందల యాభై." అలా 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి దాకా. మూడు గంటలు పట్టింది. రెండుసార్లు టీ పెట్టాను. జూలైలో వరసగా పదకొండు రోజులు ఒక్క బంకు కూడా దొరకలేదు. "అప్పుడు కస్టమర్లిచ్చిన క్యాష్ జేబులో ఉండేదక్కా, దాంతోనే కొట్టించేవాణ్ణి" అన్నాడు. ఆ పదకొండు రోజుల పెట్రోలుకి ఈ లోకంలో ఎక్కడా ఆధారం లేదు. అతని జ్ఞాపకం తప్ప.

అతనికి ఇరవై ఆరేళ్ళు. తెనాలి నుంచి వచ్చి మూడేళ్ళుగా హైదరాబాద్‌లో ఫుడ్ డెలివరీ చేస్తున్నాడు. అంతకు ముందు వారం మాటల మధ్యలో "నీ పేమెంట్‌లో టీడీఎస్ పట్టుకుంటున్నార్రా?" అని అడిగాను. "ఏదో ఒక పర్సెంట్ కటింగ్ ఉంటుందక్కా, కంపెనీవాళ్ళది" అన్నాడు. ఆ మాట విని నాకు కడుపు తరుక్కుపోయింది. అది కంపెనీవాళ్ళది కాదు. టీడీఎస్ అంటే డబ్బు చేతికివ్వకముందే పట్టుకునే పన్ను. అతని పాన్ నంబరు మీద ఆదాయపు పన్ను శాఖకు కట్టిన అతని కూలి డబ్బు. పన్ను పడనప్పుడు అది తిరిగి అతని ఖాతాలోకి రావాలి. ఏడాది ఆదాయం లెక్క చూపే రిటర్న్ వేస్తేనే వస్తుంది. ఆ శాఖ పోర్టల్‌లో అతని 26ఏఎస్ (పాన్ మీద పట్టుకున్న పన్నుల పట్టిక) తెరిచి చూస్తే, 2024-25లో అతనికి చెల్లించినట్టు చూపిన మొత్తం 3,36,000. పట్టుకున్నది 3,360.

మూడు వేల మూడొందల అరవై ఒక లెక్కా అని అడిగేవాళ్ళుంటారు. వానలు మొదలయ్యేలోపు బండికి వెనక టైరు, బ్రేకు షూలు మార్చుకోవడానికి ఆ డబ్బు చాలు. మార్చుకోకపోతే ఏమవుతుందో ఆ బండి మీద తిరిగేవాళ్ళకి తెలుసు.

"పన్ను పడని మనకి రిటర్న్ ఎందుకు?" అన్న మాట నేను చాలామంది నోట విన్నాను. అనువాదకులు, వీడియో ఎడిటర్లు, ట్యూషన్ చెప్పేవాళ్ళు, క్యాబ్ నడిపేవాళ్ళు, అందరూ అనేదే. ఒకప్పుడు నేనూ అన్నాను. ఆ మాట మనకు బాగా నష్టం చేసిందని ఇప్పుడు గట్టిగా నమ్ముతున్నాను. ఎందుకంటే, ఉద్యోగం చేసేవాళ్ళకి వాళ్ళ తరఫున లెక్క రాసే ఆఫీసు ఒకటుంటుంది. నెలకో పే స్లిప్, ఏడాదికో ఫారం 16 వస్తాయి. మనకి లెక్క రాసేవాళ్ళు లేరనుకుంటాం. నిజానికి ఉన్నారు, కాకపోతే సగమే రాస్తారు. మనకు ఎంతిచ్చారో రాస్తారు. ఆ డబ్బు సంపాదించడానికి మనకెంత అయిందో మాత్రం ఎవరూ రాయరు.

నా సంగతి చెబుతాను. 2021 వేసవిలో ఉద్యోగం మానేసి అనువాదం, సబ్‌టైటిళ్ళ పని మీద పడ్డాను. ఆ ఆర్థిక సంవత్సరంలో నా బిల్లులు 3,10,000 దాకా అయ్యాయి. క్లయింట్లు ప్రతి బిల్లులోనూ పది శాతం పట్టుకుని మిగతాది పంపేవాళ్ళు. సెక్షన్ 194జె, వృత్తిపరమైన ఫీజు అనేవారు. పన్ను కట్ అయిపోయింది కదా, ఇక నా పని తీరిపోయింది అనుకున్నాను. పన్ను కట్టేశాక రిటర్న్ ఎందుకు అన్న ఊహ నాది. 2023 ఫిబ్రవరిలో ఇంకో పని మీద ఒక ఆడిటర్ గారి దగ్గరికి వెళ్తే, ఆయన నా 26ఏఎస్ చూసి, "అమ్మా, మీకు 31,000 రిఫండ్ రావాల్సింది. ఆ ఏడాది గడువు డిసెంబర్ 31తో అయిపోయింది" అన్నారు. ఆ ఏడాది నాకు పడిన పన్ను సున్నా. నా దగ్గర పట్టుకున్నది 31,000. అది మూడు నెలల ఇంటద్దె.

అప్పుడే తెలిసిన ఇంకో సంగతి. 2022 నుంచి ఒక నియమం ఉంది. ఏడాదిలో మన పేరు మీద టీడీఎస్ 25,000 గానీ అంతకు మించి గానీ ఉంటే, అరవై ఏళ్ళు నిండినవాళ్ళకైతే 50,000 గానీ అంతకు మించి గానీ ఉంటే, పన్ను పడినా పడకపోయినా రిటర్న్ వేయాల్సిందే. అంటే నేను డబ్బు పోగొట్టుకోవడమే కాదు, నియమం కూడా తప్పాను. డిసెంబర్ తర్వాత వేసుకునే అప్‌డేటెడ్ రిటర్న్ అనేది ఒకటుంది గానీ, దాన్ని రిఫండ్ అడగడానికి వాడుకోనివ్వరు, అదనంగా కట్టడానికే. మిగిలింది ఒక్క దారి. సెక్షన్ 119 కింద ఆలస్యాన్ని మన్నించమని అర్జీ పెట్టుకోవడం. అసెస్‌మెంట్ సంవత్సరం (ఆదాయం వచ్చిన ఆర్థిక సంవత్సరానికి తర్వాతి ఏడాది) ముగిశాక ఐదేళ్ళలోపు పెట్టుకోవచ్చు, ఎందుకు ఆలస్యమైందో సరైన కారణం చూపాలి. ఇన్నాళ్ళూ చేయలేదు. ఈ వేసవిలో పెడుతున్నాను. పాత రిఫండ్లు వదిలేసుకున్నవాళ్ళు ఈ దారి ఒకటుందని తెలుసుకోవాలని రాస్తున్నాను.

మళ్ళీ చాప దగ్గరికి వస్తాను.

26ఏఎస్‌లో 3,36,000 ఉంది కదా, బ్యాంకు స్టేట్‌మెంట్ కూడితే 2,71,000 తేలింది. మావాడు ముఖం మాడ్చుకున్నాడు. "మిగతా డబ్బు ఎవరు తిన్నారక్కా?" అన్నాడు. ఎవరూ తినలేదు. క్యాష్ ఆన్ డెలివరీ ఆర్డర్లకి కస్టమర్లిచ్చిన నోట్లు అతని దగ్గరే ఉండిపోయి, ఆ మేరకు వారం పేఅవుట్‌లో తగ్గించారు. ఇన్సూరెన్స్, బ్యాగు, టీషర్టు కటింగులు కొన్ని, పైన టీడీఎస్. వారం వారం యాప్‌లో వచ్చే స్టేట్‌మెంట్లు ఒక్కొక్కటీ తెరిచి కూడితే లెక్క సరిపోయింది. ఈ తేడా అందరికీ వస్తుంది. బ్యాంకులో పడిందే ఆదాయం అనుకుని రిటర్న్ వేస్తే, 26ఏఎస్‌తో పొంతన కుదరక నోటీసు రావచ్చు. చూపాల్సింది యాప్ చెల్లించానని చెప్పిన మొత్తం. అక్కడి నుంచి ఖర్చులు తీసేసుకుంటూ రావాలి.

ఖర్చుల దగ్గరే పూట గడిచిపోయింది. రోజుకి సుమారు వంద కిలోమీటర్లు తిరుగుతాడు. బండి నలభై ఐదు ఇస్తుంది. లీటరు 107 రూపాయల పైచిలుకు. దొరికిన చెల్లింపులు, దొరకని రోజులకి కిలోమీటర్ల అంచనా కలిపితే పెట్రోలు 71,400. సర్వీసింగు, ఆయిలు, టైర్లు 15,600. రీచార్జి 4,000. రెయిన్‌కోటు, ఫోన్ హోల్డరు, పవర్ బ్యాంకు 2,000. మొత్తం 93,000. నికరంగా మిగిలింది 2,43,000. ఆ అంకె చూసి చాలాసేపు మాట్లాడలేదు. "నెలకి ఇరవై ఎనిమిది వస్తున్నాయని అమ్మకి చెప్తున్నానక్కా. ఇరవైయేనా?" అన్నాడు. మూడేళ్ళ నుంచి ఆ పని చేస్తున్న మనిషికి తన అసలు జీతం ఎంతో ఆరోజు తెలిసింది.

ఆదాయానికి పదిమంది సాక్షులున్నారు. యాప్, క్లయింటు, బ్యాంకు, 26ఏఎస్, ఏఐఎస్ అనే వార్షిక సమాచార పత్రం. అన్నీ పాన్ నంబరు దగ్గర కలుస్తాయి. ఖర్చుకి సాక్షి ఆ మనిషొక్కడే. ఆ ఒక్క సాక్షీ నోరు విప్పకపోతే, ప్రభుత్వం దృష్టిలో మావాడు ఏడాదికి 3,36,000 సంపాదించినవాడు. అందులో నాలుగో వంతుకు పైగా ట్యాంకులోనూ, టైర్లలోనూ అరిగిపోయిందని ఎవరికీ తెలియదు.

సాయంత్రం పిన్నికి ఫోన్ చేసి చెబితే ఆవిడ కంగారుపడింది. "ఎందుకమ్మా ఇవన్నీ, రికార్డుల్లోకెక్కితే రైస్ కార్డు తీసేస్తారు" అంది. ఈ భయాన్ని తేలిగ్గా తీసిపారేసేవాళ్ళంటే నాకు కోపం. ఆంధ్రలో పథకాలకి అర్హులను వడపోసేటప్పుడు ఇంట్లో ఎవరైనా ఆదాయపు పన్ను కడుతున్నారా అన్నది ఒక మెట్టు. కరెంటు యూనిట్లు, కారు, పొలం లాగే అదీ ఒకటి. కార్డు పోతే మళ్ళీ తెచ్చుకోవడానికి సచివాలయం చుట్టూ ఎన్నిసార్లు తిరగాలో పిన్నికి తెలుసు. ఆవిడది ఊహ కాదు, చూసిన అనుభవం.

కానీ ఆవిడకి నేను రెండు సంగతులు చెప్పాను. పన్ను కట్టడం వేరు, రిటర్న్ వేయడం వేరు. మావాడు వేస్తున్నది సున్నా పన్ను రిటర్న్. కట్టేది ఏమీ లేకపోగా, తిరిగి తెచ్చుకుంటున్నాడు. రెండోది, వేయకపోతే రికార్డుల్లో లేకుండా పోతాం అనుకోవడం పొరపాటు. అతని పాన్ మీద టీడీఎస్ కట్టిన రోజే రికార్డుల్లోకెక్కాడు, పెద్ద అంకెతో ఎక్కాడు. రిటర్న్ వేస్తే 2,43,000 కనిపిస్తుంది. వేయకపోతే 3,36,000 అలాగే ఉంటుంది. మనం దాక్కున్నామనుకున్న చోట దీపం ముందే వెలుగుతోంది.

అయితే ఈ బాధ్యతంతా పిన్ని మీదా, ఆవిడ కొడుకు మీదా వేయడం న్యాయం కాదు. రిటర్న్ వేసినవాళ్ళనూ పన్ను కట్టినవాళ్ళనూ ఒకే గాటన కట్టకుండా చూడాల్సింది పథకాలు నడిపే ప్రభుత్వం. 'పన్ను కట్టినవాళ్ళు' అన్న చోట అసలు ఎంత కట్టారో చూడాలి. సున్నా అయితే ఆ పేరు జాబితాలోకి రాకూడదు. ఇది ఒక గడి సరిచేయడమంత పని. ఆ గడి సరిగ్గా లేకనే చాలామంది తమ డబ్బు తాము అడగడానికి భయపడుతున్నారు.

ఇక ఆరు శాతం సంగతి. ఇది నన్ను బాగా బాధపెట్టే విషయం కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తాను. చిన్న వ్యాపారాలకి సెక్షన్ 44ఏడీ అనే వెసులుబాటు ఉంది. పుస్తకాలు రాయక్కర్లేదు. బ్యాంకు ద్వారా, డిజిటల్‌గా వచ్చిన మొత్తంలో కనీసం ఆరు శాతం, నగదులో ఎనిమిది శాతం లాభంగా చూపితే చాలు. ఐటీఆర్-4 అనే రిటర్న్ ఫారంలో పది నిమిషాల పని. కొందరు ఏజెంట్లు డెలివరీ కుర్రాళ్ళకి ఐదొందలు తీసుకుని, పైన రిఫండ్‌లో పదో వంతు అడిగి, కళ్ళు మూసుకుని ఆరు శాతమే కొడుతున్నారు. మావాడి స్నేహితుడొకడికి మూడున్నర లక్షల రాబడి మీద ఏడాది ఆదాయం 21,000 అని వేశారు. రిఫండ్ వచ్చింది, సంతోషించాడు. మరుసటేడు చెల్లెలి పెళ్ళికి లోను కోసం వెళ్తే, బ్యాంకువాళ్ళు రిటర్న్ చూసి, నెలకి 1,750 సంపాదించేవాడికి లోనేమిటని కాగితాలు తిరిగిచ్చేశారు.

చట్టంలో ఉన్నది 'ఆరు శాతం, లేదా నిజంగా అంతకంటే ఎక్కువ సంపాదిస్తే ఆ ఎక్కువ' అని. ఆ రెండో సగాన్ని ఎవరూ చదవరు. మావాడికి మేం 2,43,000 అనే చూపించాం. ఆ ఏడాది కొత్త విధానంలో (పన్ను లెక్కకున్న రెండు పద్ధతుల్లో ఒకటి) మూడు లక్షల దాకా పన్నే లేదు, కాబట్టి ఆరు శాతం చూపినా డెబ్భై రెండు శాతం చూపినా పన్ను సున్నాయే. మరి తక్కువ ఎందుకు చూపాలి? మన కష్టానికి మనమే తక్కువ ధర రాసుకుంటే, తర్వాత ఆ ధరే మనకి అంటుకుంటుంది.

లోను ఒక్కటే అయితే ఇంతగా చెప్పేదాన్ని కాదు. రోజంతా రోడ్డు మీద ఉండే మనిషి. ఈ మాట అతని ముందు అనలేదు, ఇక్కడ రాస్తున్నాను. రోడ్డు ప్రమాదంలో మనిషి పోతే, మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ ఆ కుటుంబానికి నష్టపరిహారం లెక్కగట్టేది అతని ఆదాయం మీద. సుప్రీంకోర్టు 2009లో సరళా వర్మ కేసులో ఇచ్చిన పట్టిక ప్రకారం 26 నుంచి 30 ఏళ్ళ వయసుకి గుణకం, అంటే ఏడాది ఆదాయాన్ని హెచ్చవేసే అంకె, 17. మిగతా కూడికలూ తీసివేతలూ పక్కన పెడితే, నెలకి వెయ్యి రూపాయల ఆదాయం రుజువు కాకపోవడమంటే పన్నెండు వేల పదిహేడ్లు, 2,04,000 రూపాయలు. రుజువుగా బాగా నిలబడేది మనిషి బతికుండగా వేసిన రిటర్న్. అది లేకపోతే కనీస వేతనమో, ఏదో ఒక అంచనానో పట్టుకుని లెక్క కడతారు. ఆరు శాతం రిటర్న్ ఉంటే? నెలకి 1,750 అన్న ఆ కాగితాన్ని ఇన్సూరెన్స్ వకీలు చేతిలో ఊహించుకోండి.

నా మట్టుకు నాకు ఆ 44 సెక్షన్ల వెసులుబాటు దొరకలేదు. వృత్తులకి 44ఏడీఏ అని ఒకటుంది. రాబడిలో సగం లాభంగా చూపితే చాలు. కానీ దానికి వృత్తుల జాబితా ఉంది. లాయర్లు, డాక్టర్లు, ఇంజనీర్లు, ఆర్కిటెక్టులు, అకౌంటెంట్లు, సాంకేతిక సలహాదారులు, ఇంటీరియర్ డెకరేటర్లు. తర్వాత నోటిఫై చేసిన వాటిలో సినిమా కళాకారులున్నారు. అందులో ఎడిటరు, గాయకులు, పాటల రచయిత, కథా రచయిత, మాటల రచయిత, దుస్తుల డిజైనరు అని విడివిడిగా పేర్లున్నాయి. ఆ మాటలను ఇంకో భాషలోకి తెచ్చే మనిషి పేరు లేదు. ఇద్దరు ఆడిటర్లని అడిగితే రెండు జవాబులొచ్చాయి. ఒకరు ధైర్యంగా వేసేయమన్నారు, ఒకరు వద్దన్నారు. నేను ఐటీఆర్-3లో అసలు ఖర్చులు చూపిస్తూ వేస్తున్నాను. ఏడాదంతా లెక్క రాసుకోవాలి, ఫారం పెద్దది, ఫీజు ఎక్కువ. కానీ రాత్రి నిద్ర పడుతుంది. అనువాదం, కంటెంట్ రాయడం, వాయిస్ ఓవర్, వీటిని బతుకుదెరువుగా చేసుకున్నవాళ్ళు ఇన్ని వేలమంది ఉన్న దేశంలో ఆ జాబితాని ఇంకా ఇలా వదిలేయడం ప్రభుత్వం తప్పు.

నా లెక్క ఎలా రాస్తానో చెబుతాను, ఎవరికైనా పనికొస్తుందేమో. దుకాణాల్లో దొరికే పొడుగు ఖాతా పుస్తకం ఒకటి. ఎడమ పేజీలో బిల్లు నంబరు, తేదీ, మొత్తం, పట్టుకున్న టీడీఎస్, చేతికొచ్చింది. కుడి పేజీలో ఖర్చు. ఇంటర్నెట్, కరెంటులో పని గదికి పడే వాటా, నిఘంటువులు, సాఫ్ట్‌వేర్ చందా, హెడ్‌ఫోన్లు. లాప్‌టాప్ ధరంతా ఒక ఏడాదిలో రాయకూడదు, తరుగుదలగా కొంచెం కొంచెం తీయాలి. పని కోసం విడిగా ఒక బ్యాంకు ఖాతా తెరిచాను. అది తెరిచాక నా పని సగానికి సగం తగ్గింది. 2024-25లో దేశంలోని క్లయింట్ల బిల్లులు 5,40,000. పట్టుకున్నది 54,000. ఖర్చులు పోను మిగిలింది నాలుగు లక్షల పైమాట. పన్ను సున్నా. ఆ 54,000 నా చేతికొచ్చేసరికి నవంబరు. మొదటి బిల్లులో కోత పడింది అంతకు ముందేడు ఏప్రిల్‌లో. పద్దెనిమిది నెలలకు పైగా నా డబ్బు నా దగ్గర లేదు.

మూణ్ణెల్లకోసారి 26ఏఎస్ చూడటం కూడా ఆ పుస్తకం వల్లే అలవాటైంది. క్లయింట్లు మూడు నెలల లెక్కలు ఒకసారి దాఖలు చేస్తారు. జూలై, అక్టోబర్, జనవరి, మే నెలాఖర్లు వాళ్ళ గడువులు. ఆ తర్వాత రెండు వారాలాగి చూస్తే పడిందో లేదో తెలుస్తుంది. ఒక సంస్థ నా నాలుగు బిల్లుల మీద పట్టుకున్న 11,200 ఎంతకీ కనబడలేదు. రెండు మెయిళ్ళు రాశాను, జవాబు లేదు. మూడోసారి ఫోన్‌లో వాళ్ళ అకౌంటెంట్‌ని నా పాన్ అక్షరం అక్షరం చదవమన్నాను. ఐదో అక్షరం దగ్గర దొరికింది. ఎమ్ బదులు ఎన్ కొట్టారు. నా డబ్బు నాది కాని పాన్ మీద కూర్చుంది. సవరణ దాఖలు చేస్తే నెలలోపు నా పేరు మీదకి మారింది. నేను రిటర్న్ వేసే రోజున మొదటిసారి చూసి ఉంటే ఆ పరుగులో వదిలేసేదాన్నేమో.

విదేశీ క్లయింట్లున్నవాళ్ళకి ఇంకో జాగ్రత్త. వాళ్ళు ఇక్కడి టీడీఎస్ పట్టుకోరు, కాబట్టి కట్టాల్సింది మనమే లెక్క చూసుకోవాలి. ఏడాదికి పన్ను పదివేలు గానీ అంతకు మించి గానీ పడేలా ఉంటే జూన్ 15, సెప్టెంబర్ 15, డిసెంబర్ 15, మార్చి 15 తేదీల్లో అడ్వాన్స్ టాక్స్ వాయిదాలున్నాయి. 44ఏడీ, 44ఏడీఏల కింద వేసేవాళ్ళకి ఒక్క మార్చి 15 చాలు. తప్పితే నెలకి ఒక శాతం వడ్డీ. జీఎస్టీ సేవలకైతే ఏడాదికి ఇరవై లక్షలు దాటాకే, మనలో ఎక్కువమందికి దానితో పని పడదు.

ఇప్పుడు రేట్ల సంగతి ఆలోచించండి. ఆన్‌లైన్‌లో సరుకు అమ్మేవాళ్ళ దగ్గర యాప్ పట్టుకునేది 2024 అక్టోబర్ నుంచి 0.1 శాతం. డెలివరీ కుర్రాడి దగ్గర ఒక శాతం. నా దగ్గర పది. పాన్ ఆధార్‌తో జతచేయక పనిచేయకుండా పోయి ఉంటే ఇరవై. 2025-26 ఆదాయానికి కొత్త విధానంలో పన్నెండు లక్షల దాకా పన్ను కట్టక్కర్లేదని పేపర్లన్నీ మొదటి పేజీలో వేశాయి. అదే ఏడాది ఒక క్లయింటు నాకు 50,000 దాటి ఇస్తే పది శాతం పట్టుకోవాలన్న నియమం అలాగే ఉంది. అంతకు ముందు ఆ హద్దు 30,000, పెంచడం మంచిదే. కానీ పన్నెండు లక్షలకీ యాభై వేలకీ మధ్య ఉన్నవాళ్ళందరం ఏడాదంతా ప్రభుత్వానికి వడ్డీ లేని అప్పు ఇస్తున్నాం. బ్యాంకు వడ్డీకైతే నాకు పన్ను పడదని రాసిచ్చే ఫారం (2026 మార్చి దాకా 15జీ) ఇచ్చి కోత ఆపించుకోవచ్చు, వృత్తి ఫీజుకి అది చెల్లదు. తక్కువ కోతకి సర్టిఫికెట్ అడగొచ్చు గానీ, ఏడాదికి ఏడెనిమిది చిన్న క్లయింట్లతో పనిచేసే మనిషి అది తెచ్చుకుని అందరికీ ఇచ్చి ఒప్పించడం అయ్యే పని కాదు. చిన్న రాబడులకి పది శాతాన్ని ఒక శాతానికి తేవాలి. పన్ను ఎగ్గొడతారేమోనన్న అనుమానానికి జవాబు ఆ ఒక శాతంలోనే ఉంది. లెక్కలోకి రావడానికి అది చాలు.

డాలస్‌లో ఉండే నా స్నేహితురాలి భర్త కొన్నాళ్ళు క్యాబ్ యాప్‌లో నడిపాడు. అక్కడి కష్టాలు అక్కడున్నాయి, సొంతంగా పని చేసుకునేవాళ్ళు సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కింద 15.3 శాతం వాళ్ళే కట్టుకోవాలి. కానీ ఒక్క పద్ధతి నాకు నచ్చింది. తిరిగిన ప్రతి మైలుకీ ఇంత ఖర్చని ప్రభుత్వమే రేటు ప్రకటిస్తుంది. 2025కి 70 సెంట్లు. డ్రైవరు మైళ్ళ లెక్క రాసుకుంటే చాలు, బంకు రసీదులు దాచక్కర్లేదు. మనకీ బైకుకి కిలోమీటరుకి ఇంత, ఆటోకి ఇంత అని ఒక రేటు పెడితే, ఆ పదకొండు రోజుల పెట్రోలు గాలికి పోయేది కాదు. కిలోమీటర్లు యాప్ దగ్గర ఎలాగూ ఉన్నాయి. ఆర్డరు ఇచ్చేటప్పుడు మీటర్లతో సహా లెక్కపెట్టే యాప్, ఏడాది చివర 'నువ్వు ఇన్ని కిలోమీటర్లు తిరిగావు, నీ పేరు మీద ఇంత పన్ను కట్టాం, ఇది రిటర్న్ వేసి తెచ్చుకో' అని తెలుగులో ఒక కాగితం ఇవ్వలేదా? టీడీఎస్ సర్టిఫికెట్ ఇవ్వాలని చట్టంలో ఇప్పటికే ఉంది. అది యాప్‌లో ఎక్కడో ఐదు మెనూల లోపల ఇంగ్లీషులో ఉంటే ఇచ్చినట్టు కాదు. దేశంలో 2020-21 నాటికే ఇలా పనిచేసేవాళ్ళు 77 లక్షలమంది అని నీతి ఆయోగ్ అంచనా వేసింది. ఒక్కొక్కరి దగ్గర మూడేసి వేలు అలా మిగిలిపోతే ఎంతో లెక్క వేయండి.

2026 ఏప్రిల్ 1 నుంచి 1961 నాటి చట్టం పోయి ఆదాయపు పన్ను చట్టం 2025 వచ్చింది. సెక్షన్ల నంబర్లు మారాయి. ఇకపై ఆర్థిక సంవత్సరం, అసెస్‌మెంట్ సంవత్సరం అన్న తికమక పోయి ఒక్క 'పన్ను సంవత్సరం' ఉంటుంది. అది మంచి మార్పు. 2025-26 ఆదాయానికి వేసే రిటర్న్‌కి మాత్రం పాత చట్టమే, నేను పైన రాసిన నంబర్లే. గడువు తేదీ పోర్టల్‌లోనే చూసుకోండి. పోయినేడు సెప్టెంబర్ 15 దాకా పొడిగించి, చివరి రోజున ఇంకో రోజు ఇచ్చారు. అలాంటి పొడిగింపుల మీద ఆధారపడవద్దు. రిటర్న్ వేశాక ముప్పై రోజుల్లో ఈ-వెరిఫై చేయడం, రిఫండ్ పడాల్సిన ఖాతాని ముందే వ్యాలిడేట్ చేసుకోవడం మర్చిపోవద్దు. ఆ రెండూ మరిచి, రిఫండ్ రాలేదని నాకు ఫోన్ చేసినవాళ్ళు నలుగురైదుగురున్నారు.

మావాడి 3,360 అక్టోబర్‌లో పడింది. ఫోన్‌లో మెసేజ్ వచ్చిన వెంటనే స్క్రీన్‌షాట్ తీసి పంపాడు. టైరు మార్పించాడు.

ఈ ఏప్రిల్ 1న పొద్దున్నే వాట్సాప్‌లో ఇంకో ఫొటో వచ్చింది. జేబులో పట్టే చిన్న నోటుబుక్కు, మొదటి పేజీ. స్కేలు పెట్టి నిలువు గీతలు కొట్టాడు. తేదీ, మీటరు పొద్దున, మీటరు రాత్రి, పెట్రోలు, ఇతర ఖర్చు. నేను చెప్పినవి ఆ ఐదే. పక్కన ఆరో గడి ఒకటి అతనే కలిపాడు. దాని పైన 'వెయిటింగ్' అని ఉంది. ఇదేంటిరా అని అడిగాను.

"హోటళ్ళ దగ్గర ఆర్డరు కోసం నిలబడ్డ టైం అక్కా. దానికేమీ ఇవ్వరు కదా. అదీ ఖర్చే."

రిటర్న్‌లో ఆ గడికి చోటు లేదు. వారం తిరిగాక మళ్ళీ ఫొటో పంపమన్నాను. ఏడు రోజులకి కలిపి పదకొండు గంటల నలభై నిమిషాలు.